సన్నజాజి సినిమా ఎవరి కోసం?

తునికికోన అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, కొండముచ్చులు, కుందేళ్లు, అడవిపందులు కలిసి బతికేవి. కలిసి అంటే మరీ ముద్దుగా ఏమీ కాదు. ఒకరి గోల ఒకరు భరిస్తూ బతికేవి. ఆ అడవిలో ఒక సినిమా బడి ఉండేది.

నవ్వకండి, నిజంగానే ఉండేది. నిదానం మాస్టారు అనే ముసలి తాబేలు ఆ బడి నడిపేవారు. చిన్నతనంలో ఆయన ఒక డేరా సినిమా పక్కనున్న మడుగులో పెరిగారు. అక్కడ చూసిందంతా అడవికి మోసుకొచ్చారు.

కోన మధ్యలో ఒక చీకటి గుహ ఉంది. దానికి పైన ఒక కన్నం. మధ్యాహ్నం ఎండ ఆ కన్నంలోంచి దూరి ఎదుటి గోడ మీద తెల్లగా పడుతుంది. టేకాకుల్లో బొమ్మలు కత్తిరించి, తీగకు గుచ్చి, ఆ కన్నం ముందు ఒకదాని వెనక ఒకటి లాగాలి. అప్పుడు గోడ మీద నీడలు నడుస్తాయి. అదే వాళ్ల సినిమా.

ఆఖరి ఏడాది పిల్లలు తలా ఒక సినిమా తీయాలి. తీసేముందు మొదటి ఆకు మీద ఒక ప్రశ్నకు జవాబు రాయాలి. ‘ఈ సినిమా ఎవరి కోసం?’ ఎవరి కోసమని రాస్తే వాళ్లు చివరిదాకా కూర్చోవాలి. వాళ్లలో ఒక్కరు మధ్యలో లేచిపోయినా తప్పినట్టే. ఈ నియమాన్ని మాస్టారు నలభై ఏళ్లుగా చెబుతున్నారు. చెప్పి చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. చాలామంది పిల్లలు మాత్రం నలభై ఏళ్లుగా ఒకే జవాబు రాస్తున్నారు. ‘అందరికీ.’

ఆ బడిలో సన్నజాజి అనే ఏదుపంది చదువుతోంది. ఒళ్లంతా ముళ్లున్న పిల్లకు ఆ పేరేమిటంటారా? పేరు పెట్టిన అమ్మమ్మకు చూపు ఆనదు. సన్నజాజికి ఆకుల మీద తన ముల్లుతో బొమ్మలు గుచ్చడమంటే ప్రాణం. ఇంకో పని రాదు, అక్కర్లేదు కూడా. కానీ ఇప్పటికి రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే బడి నుంచి పంపేస్తారు. ఆ తర్వాత జీవితమంతా దుంపలు తవ్వుకోవడమే.

పోయినేడు కుందేళ్లు పాట పెట్టమన్నాయి. పెట్టింది. అడవిపందులు పోట్లాట కావాలన్నాయి. అదీ పెట్టింది. కొండముచ్చులు వచ్చి నాలుగు జోకులు ఇరికించి పోయాయి. తీరా సినిమా వేసినరోజు గుహలోంచి మొదట లేచిపోయింది ఆ పాట అడిగిన కుందేళ్లే.

ఈ ఏడు కూడా సన్నజాజి మొదటి ఆకు ముందు పెట్టుకుంది. ‘అం’ అని గుచ్చింది. అక్కడితో ముల్లు కదల్లేదు. మళ్లీ అందరినీ అడగాలి, మళ్లీ అందరి మాటా వినాలి. ఆ తలపుకే దానికి ఒళ్లు బరువెక్కింది. ఆకు అక్కడే పడేసి గుహ బయట నీడలో చతికిలబడింది.

ఎండలు మండిపోతున్న రోజులవి. దగ్గర్లో వాగు ఎండిపోయింది. తల్లులంతా కొండ అవతలి పెద్ద మడుగుదాకా నీళ్లకు పోయి వస్తున్నారు. తిరుగుదారిలో కాసేపు ఆ గుహ నీడలోనే ఆగుతారు. గుబురమ్మ అనే ఎలుగుబంటి వీపు మీద పిల్లతో వచ్చి సన్నజాజి పక్కన కూలబడింది.

“ఏం అమ్మాయీ, అలా ఉన్నావు?”

“అలిసిపోయానక్కా.”

“అలుపంటే నన్నడుగు. రోజూ ఆ మడుగుదాకా నడక. ఈ పిల్లేమో వీపు దిగదు. పది అడుగులకోసారి ‘ఇంకా ఎంత దూరం’ అంటుంది.”

“నువ్వేమంటావు?”

“ఏమంటాను! ‘అదిగో, ఆ మలుపే’ అంటాను. ఆ మలుపు దాటితే ఇంకో మలుపు. మళ్లీ అదే మాట.”

పక్కనున్న జింకతల్లి నవ్వింది. “మా ఇంట్లోనూ అదే అబద్ధం, వదినా.” మిగతా తల్లులూ నవ్వారు. నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు నవ్వారు.

సన్నజాజికి ఎందుకో ఆ నవ్వు దగ్గర మనసు ఆగిపోయింది. “మీరెప్పుడూ సినిమా చివరిదాకా చూడరేం అక్కా?” అని అడిగింది.

“చల్లగా ఉంటుందని లోపలికి వస్తాం. ఇంతలో ఎవడో డప్పు వాయిస్తాడు. పిల్ల ఉలిక్కిపడి ఏడుస్తుంది. ఇంకేం చూస్తాం, లేచి వచ్చేస్తాం.”

“ఎంతసేపైతే కూర్చోగలరు?”

“పిల్ల కునుకు తీసినంతసేపు.”

“అంతసేపట్లో మీకేం చూడాలని ఉంటుంది?”

గుబురమ్మ విసుక్కుంది. “ఇన్నాళ్లూ ఎవరూ అడక్కపోతే ఉన్నట్టుండి ఏం చెప్పమంటావు? రేపు మాతో నడిచి రా. నువ్వే చూసుకో.”

సన్నజాజి మర్నాడు వాళ్లతో నడిచింది. ఆ మర్నాడూ నడిచింది. అరికాళ్లు కాలాయి, నాలుక పిడచకట్టింది. ఏ మలుపు దగ్గర తల్లులు ఆగుతారో, ఎక్కడ పిల్లను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటారో అన్నీ చూసింది. అయిదో రోజు తిరిగొచ్చి కొత్త ఆకు తీసుకుని రాసింది. ‘మడుగుకు నీళ్లకు పోయి వచ్చే తల్లుల కోసం.’

అదే తరగతిలో భూషణం అనే కొండముచ్చు ఉన్నాడు. వాడి ఆకు మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘సకుటుంబ సపరివార సమేతంగా అందరికీ’ అని ఉంది. సన్నజాజి ఆకు చూసి వాడు పడీపడీ నవ్వాడు.

“ఎంతమంది ఆ తల్లులు?”

“తొమ్మిదిమంది.”

“తొమ్మిదిమందికి సినిమా ఎందుకు జాజీ? ఇళ్లకెళ్లి చెప్పి వచ్చేయ్!”

అందరూ నవ్వారు. సన్నజాజికి ఏడుపొచ్చింది. వాడు చెప్పిందీ నిజమేనేమో అనిపించింది. తన దగ్గర నూరు ఆకుల పోట్లాట ఒకటి సిద్ధంగా ఉంది. తను చేసినవాటిలో అంత గొప్పది ఇంకోటి లేదు. అది పెడితే అడవిపందులన్నీ వస్తాయి. కానీ డప్పు లేకుండా పోట్లాట ఎలా? డప్పు మోగితే పిల్లలు లేస్తారు. చాలాసేపు ఆ ఆకులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి వాటిని పక్కకు పెట్టేసింది. పెట్టేశాక కూడా రెండుసార్లు వెళ్లి చూసుకుంది.

సినిమాల రోజు రానే వచ్చింది. మొదట భూషణం వంతు. గుహలో ఇసకేస్తే రాలనంత జనం. వడ్రంగిపిట్ట డప్పు మొదలుపెట్టింది. పాట వచ్చింది. అడవిపందులు ఆవులిస్తూ వెళ్లిపోయాయి. పోట్లాట వచ్చింది. జింకపిల్లలు బెదిరిపోతే జింకలన్నీ లేచాయి. ఎలుగుబంట్ల లావు మీద ఒక జోకు పడింది. ఎలుగుబంట్లు లేచి బయటికి నడిచాయి. ఆఖర్న కన్నీళ్ల ఘట్టం ఎంతకీ తెమల్లేదు. కుందేళ్లు వెళ్లాయి, కొండముచ్చులు వెళ్లాయి. భూషణం సొంత పెద్దమ్మ కూడా “పొద్దుపోయింది నాయనా” అంటూ సర్దుకుంది.

“ఎవరి కోసమని రాశావు?” అన్నారు నిదానం మాస్టారు.

“అందరికీ, మాస్టారూ.”

మాస్టారు మెడ బయటికి చాచి ఖాళీ గుహంతా ఓసారి చూశారు. “ఏరీ?”

భూషణం తన ఆకులు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు సన్నజాజి వంతు. తొమ్మిదిమంది తల్లులే వచ్చారు. అంత పెద్ద గుహలో వాళ్లు ఒక మూలకు సరిపోయారు. భూషణం, వాడి స్నేహితులు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు. సన్నజాజి తీగ లాగింది.

గోడ మీద ఒక ఎలుగుబంటి నీడ నడుస్తోంది. దాని వీపు మీద చిన్న నీడ. “ఇంకా ఎంత దూరం?” అని సన్నజాజి మెల్లగా చిన్న నీడ గొంతుతో అంది. “అదిగో, ఆ మలుపే.” తల్లులు కిసుక్కున నవ్వారు. మలుపు వచ్చింది, పోయింది. మళ్లీ అదే ప్రశ్న, అదే అబద్ధం. నాలుగో మలుపు దగ్గర గుబురమ్మ పిల్ల కదిలింది. సన్నజాజి తీగను ఇంకా మెల్లగా లాగింది. గుబురమ్మ చెయ్యి వెనక్కి పెట్టి పిల్లను తట్టింది. పిల్ల ఏడవలేదు, గోడవైపు చూస్తూ ఉండిపోయింది.

ఆఖరి మలుపు వచ్చింది. గోడ మీద తల్లినీడ ఆగింది, మోకాళ్ల మీద కూలబడింది. ఈసారి తల్లే అడిగింది. “ఇంకా ఎంత దూరం?”

ఆ తర్వాత ఇంకో మూడు ఆకులు మాటల్లేకుండా నీడలతోనే నడిచాయి. సినిమా అయిపోయింది. ఎవరూ లేవలేదు.

“మాస్టారూ!” అని భూషణం గుమ్మంలోంచి అరిచాడు. “గుబురమ్మ కళ్లు మూసుకుంది. నిద్రపోయింది. నిద్రపోతే చూసినట్టు కాదు!”

సన్నజాజి తీగ పట్టుకునే మాస్టారి వైపు చూసింది. మాస్టారు మెల్లగా నడిచి వెళ్లారు. “గుబురమ్మా, నిద్రపోయావా?”

“లేదు మాస్టారూ.” గుబురమ్మ కళ్లు తెరిచింది. “ఆ తల్లి కూలబడి ఆ మాట అడిగేసరికి నాకు ఏడుపాగలేదు. రోజూ ఆ మలుపులో నేను అనుకునే మాటే అది. పైకి ఎప్పుడూ అనలేదు. ఇక చూడలేక కళ్లు మూసుకున్నాను.” కళ్లు తుడుచుకుని సన్నజాజివైపు తిరిగింది. “తర్వాత ఏమైంది అమ్మాయీ? ఆవిడకెవరైనా జవాబు చెప్పారా?”

సన్నజాజి నోరు తెరిచేలోపే గుబురమ్మ వీపు మీదున్న పిల్ల ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

“నేను చూశాను. పిల్ల చెప్పింది” అంది. “‘అదిగో, ఆ మలుపే అమ్మా’ అని చెయ్యి చాచి చూపింది.”

తొమ్మిదిమంది తల్లులూ అలాగే కూర్చుండిపోయారు. గోడ మీద ఎండ పూర్తిగా జారిపోయాక ఒక్కొక్కరే లేచి పిల్లల్ని ఎత్తుకున్నారు. “రేపూ వేస్తావా? మా అక్కను తీసుకొస్తాను” అని అడిగింది జింకతల్లి.

“పాసు” అన్నారు మాస్టారు. నలభై ఏళ్లలో ఆయన అంత హాయిగా ఆ మాట అన్నది లేదు.

ఆ వేసవి అంతా సన్నజాజి రోజూ మధ్యాహ్నం ఆ సినిమా వేసింది. కొండ అవతలి తల్లులు కూడా రావడం మొదలుపెట్టారు. భూషణం మాత్రం అదే తరగతిలో మిగిలిపోయాడు. మరుసటి ఏడు బాగా ఆలోచించి మొదటి ఆకు మీద ఇలా రాశాడు. ‘అందరికీ, పక్క అడవివాళ్లకు కూడా.’

నీతి: ఎవరికి చెబుతున్నామో ముందు తెలుసుకుని చెప్పిన కథే మనసుకు చేరుతుంది, అందరి మెప్పూ ఒక్కసారే కోరినవాడికి ఆఖరికి ఒక్కరూ మిగలరు.