ఇప్పలకోన అరుగు

ఇప్పలకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు ఉండేవి. సాయంత్రమైతే అన్నీ వాగు ఒడ్డున పచ్చిక మీద చేరేవి. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు కబుర్లు చెప్పుకునేవి.

ఒక ఏడు వరద వచ్చి ఆ పచ్చికంతా బురదగుంట అయిపోయింది. ఇక దేని గుహలో అది, దేని పొదలో అది ఉండిపోయాయి. తూర్పు లోయలోకి చిరుత వచ్చిందని దుప్పులకు తెలుసు. కానీ ఆ మాట ఒక కుందేలు చెవిన పడలేదు. అది అటే మేతకు వెళ్లి, చిరుత పంజా దెబ్బ తిని, కుంటుకుంటూ ఇల్లు చేరింది.

సంగతి తెలిసి ముసలి ఎలుగుబంటి నల్లమ్మ అడవంతా తిరిగింది.

"మనం కలుసుకోవడానికి ఒక చోటు కావాలి. మిట్ట మీద మట్టి అరుగు కడదాం. అందరం తలో చెయ్యి వేద్దాం" అంది.

అడవిపందులు ఎర్రమట్టి తవ్వాయి. కుందేళ్లు ఆకుదొప్పలతో నీళ్లు మోశాయి. దుప్పులు మట్టిలో గడ్డి కలిపి గిట్టలతో తొక్కాయి. అరుగు మెల్లగా లేచింది.

అప్పుడు శూలి అనే ముళ్లపంది వచ్చింది. మట్టి మీద ముళ్లతో పువ్వులు, తీగలు గీయడంలో దానికి సాటి లేదు. అరుగు నిండా అడుగుల గుర్తులు చూసి అది ముఖం చిట్లించింది.

"ఇన్ని మొరటు కాళ్లు పడితే ఇక అందం ఏముంటుంది? మీరంతా దిగండి. మిగతా పని నేనొక్కదాన్నే చేస్తాను."

"అందరం కూర్చునే అరుగు కదే పిల్లా! అందరినీ చెయ్యనివ్వు" అంది నల్లమ్మ.

"పని రానివాళ్లతో నాకు కుదరదు అత్తా!"

గొడవ ఎందుకని అన్నీ దిగిపోయాయి. శూలి అరుగంతా నున్నగా అలికి, అంచు నుంచి అంచుకు పువ్వులు గీసింది. చూస్తే కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. కానీ ఎవరు ఎక్కబోయినా ముళ్లు విప్పి, "ఆగండి! చెరిగిపోతుంది!" అని కసిరేది. పిల్లలు దూరం నుంచే చూసి వెళ్లిపోయేవి.

ఒక మధ్యాహ్నం జోరువాన కురిసింది. అరుగు అంచు కరగసాగింది. శూలి పరుగున వచ్చి మట్టి ఎగదోస్తుంటే, అంచంతా విరిగి దాని మీదే పడింది. ముళ్లు బురదలో దిగబడి, కదలడానికి వీల్లేకుండా పోయింది.

"ఎవరైనా రండి!" అని అరిచింది. ఆ దగ్గరలో ఎవరూ లేరు. అందరినీ తరిమింది తనేనని గుర్తొచ్చి దానికి ఏడుపు వచ్చింది.

చాలాసేపటికి, అటుగా పోతున్న కుంటి కుందేలుకు ఆ కేక వినిపించింది. అది వెళ్లి అందరినీ పిలుచుకొచ్చింది. నల్లమ్మ శూలిని బయటికి లాగింది. సగం ముళ్లు బురదలోనే ఉండిపోయాయి.

"అరుగు పోయింది అత్తా" అని శూలి వెక్కింది.

"పోతే మళ్లీ కడదాం. ఈసారి నువ్వు మాకు నేర్పు."

వాన వెలిశాక అన్నీ మళ్లీ మట్టి తొక్కాయి. దుప్పిపిల్లలు పుల్లలు నోట కరుచుకుని గీతలు గీస్తుంటే శూలి పక్కన నిలబడి చూపించింది. గిట్టల గుర్తులను వరుసగా వేయించి అంచు దిద్దింది. ఆ తర్వాత ఎప్పుడు వాన పడినా, ఎవరూ పిలవకుండానే ఎవరో ఒకరు వచ్చి పగుళ్లు పూడ్చేవారు.

ఒక సాయంత్రం అరుగు కిక్కిరిసి ఉంది. శూలి అప్పుడే గీసిన పువ్వు మీదికి ఒక కుందేలుపిల్ల గెంతి, బెదిరిపోయింది.

"అయ్యో, చెరిగింది!"

శూలి నవ్వింది. "చెరిగితే చెరగనీ. రేపు నువ్వే గీద్దువుగాని, రా, కూర్చో."

నీతి: అందరి చేతులూ పడిన చోటే అందరిదీ అవుతుంది. నేర్పు ఉన్నవారు నలుగురికీ నేర్పితేనే ఆ పని నిలుస్తుంది.