ముందు బోయీ కేక

ఒకానొక రాజ్యంలో, అక్కడివాళ్లు నొచ్చుకుంటారని దాని పేరు చెప్పను గానీ, ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. ఆయన కొత్తగా రథం చేయించుకున్నాడు. దాంతో పల్లకీ మోసే పన్నెండుమంది బోయీలకు పని పోయింది.

"వాళ్లకు వేరే పని నేర్పిద్దాం," అన్నాడు రాజు, అదేదో మహా ధర్మకార్యమైనట్టు.

"నేర్పడమెందుకు మహాప్రభూ?" అన్నాడు మంత్రి భూషణామాత్యుడు. "మోసేవాళ్లకు దగ్గర పని మోయడమే. రాళ్లగనికి తోలేద్దాం."

పెద్ద బోయీ ఎర్రన్న గబగబా సింహాసనం దగ్గరికొచ్చాడు. గనికి వెళ్లినవాళ్లలో సగంమంది తిరిగి రాలేదు మరి. "పిల్లలు గలవాళ్లం దొరా," అని చేతులు జోడించాడు.

అప్పుడు లేచాడు విదూషకుడు కొండుభట్టు.

"ప్రభూ, ఎర్రన్నకు ఇంకా దగ్గర పని ఒకటుంది. మంత్రిత్వం."

సభ గొల్లుమంది. మంత్రి మొహం కందగడ్డయింది.

"మతి పోయిందా భట్టూ?" అన్నాడు రాజు.

"వెనక బోయీలకు దారి కనపడదు ప్రభూ. ముందున్నవాడే గుంటొస్తే గుంట, రాయొస్తే రాయి అని కేకేస్తాడు. మీకు మంత్రిగారు చేయాల్సిందీ అదేగా? కళ్లకు గంతలు కట్టుకుని రాజవీధిలో నడవండి. మొదట మంత్రిగారు, తర్వాత ఎర్రన్న దారి చెబుతారు. ఎర్రన్న ఓడిపోతే వాళ్లతో నేనూ రాళ్లు మోస్తాను."

రాజుకు సరదా పుట్టింది. గంతలు కట్టించుకుని బయల్దేరాడు.

రాజవీధి అద్దంలా బాగుచేయించానని చెప్పి మంత్రి మొన్ననే శాలువా కప్పించుకున్నాడు. ఇప్పుడు ఎదురుగా మోకాలిలోతు గుంట! ఉందంటే శాలువా పోతుంది, లేదంటే రాజు పడతాడు. పాపం, అలవాటే గెలిచింది.

"అంతా సవ్యంగా ఉంది మహాప్రభూ, రండి!"

రాజు దభీమని బురదలో పడ్డాడు.

రాజును లేవదీశాక ఎర్రన్న ముందుకొచ్చాడు. "ఎడమన గుంట దొరా, కుడికి జరగండి. రాయుంది, కాలెత్తండి. ఆగండాగండి, కాలవ మీద పలక లేదు. నా చెయ్యి పట్టుకోండి."

వీధి చివరిదాకా రాజు ఒక్కసారీ తూలలేదు. గంతలు విప్పి వెనక్కి చూసి నోరెళ్లబెట్టాడు.

"ఇన్ని గుంటలా! ఇరవయ్యేళ్లుగా ఇదే వీధిలో తిరుగుతున్నానే!"

"మీరు పల్లకీలో తిరిగారు దొరా," అన్నాడు ఎర్రన్న. "నడిచింది మేము."

రాజు బురదపట్టిన తన పట్టుబట్టలు చూసుకుని పకపకా నవ్వాడు. మంత్రి భుజం మీది శాలువా తీసి ఎర్రన్నకు కప్పాడు. ఇకమీదట బోయీలు రాజ్యమంతా తిరిగి, ఎక్కడేం చెడిందో రోజూ సభలో కేకేసి చెప్పాలన్నాడు. తన వేలి ఉంగరం తీసి కొండుభట్టు చేతిలో పెట్టాడు.

"మరి మంత్రికి ఏం పని నేర్పిద్దాం భట్టూ?"

"ఖాళీగా పల్లకీ ఉందిగా ప్రభూ, మోయమనండి. కాకపోతే ఆయన్ని వెనకవైపు పెట్టండి. ముందుంటే మళ్లీ మీరే పడతారు."