చీలమండ దారం

"చెయ్యి కడుక్కోకుండానే హక్కుల మాట ఎత్తుతున్నావు, ఓబులేశూ. నీ వేళ్ళకు ఇంకా ఒకరి చీము అంటుకుని ఉంది. ముందు అది చూసుకో."

నంజుండయ్య ఇలా గద్దించేసరికి శిష్యుడు లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. కానీ అడగదలచింది మానుకోలేదు. కనుమ కింది సత్రంలో ఉంటూ, కొండెక్కే యాత్రికుల పాదాలకు వైద్యం చేసేవాళ్ళు వీళ్ళు. ముల్లు తీయడం, ఆనెలు కోయడం, పగుళ్ళకు మందు పెట్టడం వీళ్ళ పని. కాలు చేతిలోకి తీసుకోగానే రోగి చీలమండకు పైన ఒక పసుపు దారం కడతారు. పాదవైద్యుడి చెయ్యి ఆ దారం దాటకూడదు. ఆ పైనున్నదంతా ఏటి అవతలి ఊళ్ళో ఉన్న పెద్దవైద్యుడిది. మోకాలి దాకా తమకు వదలమని మర్నాడు పాదవైద్యులంతా కలిసి సత్రం ధర్మకర్తను అడగబోతున్నారు. గురువు కూడా వచ్చి ఒక మాట చెప్పాలని ఓబులేశు కోరిక. పిక్క చీరుకుపోయినవాడు కళ్ళెదుట మూలుగుతుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం ధర్మమేనా అని అడిగాడు.

గురువు అవునని గానీ కాదని గానీ అనలేదు. తాను పని నేర్చుకున్న పై సత్రంలో జరిగిన సంగతి ఒకటి చెప్పాడు.

అక్కడ తిమ్మప్ప అని ఒక పాదవైద్యుడు ఉండేవాడు. కళ్ళు మూసుకుని, వేలి కొసతో తడిమి, లోపల విరిగిన ముల్లు ఎటు వాలి ఉందో చెప్పేవాడు. అతనూ ఇదే న్యాయం అడిగాడు, వాదించి గెలిచాడు. దారం మోకాలి కిందికి ఎక్కింది. ఆ ఏడు ఎందరో పిక్కల మీది గడ్డలు, గాయాలు మాన్పించుకుని అతనికి దణ్ణం పెట్టి పోయారు. అది మంచి పని కాదని ఎవరూ అనలేరు.

అప్పుడు గంగన్న అనే డోలీ బోయీకి మడమలో ముల్లు విరిగింది. తిమ్మప్ప ముల్లు తీసి, మోకాలి కింద దారం కట్టి, పసరు వేసి పడుకోబెట్టాడు. సాయంత్రానికి గాయం చుట్టూ కమ్మిన ఎరుపు చీలమండ దాటింది. గంగన్న భార్య లచ్చుమమ్మ అది చూసింది.

"అన్నా, ఇదివరకు ఎరుపు ఇక్కడికొస్తే ఏరు దాటించేవాడివి కదా," అంది.

"ఇదివరకు నా దారం అక్కడుండేది, చెల్లెమ్మా. ఇప్పుడు పైకెక్కింది. ఇంకా జానెడు చోటుంది, భయపడకు."

తోటి బోయీలు ఖాళీ డోలీ దించి గుమ్మం ముందే కూర్చున్నారు. గంగడు మోయడమే గానీ ఎక్కి ఎరగడనీ, ఈ ఒక్కసారికి ఊరేగిస్తామనీ వాళ్ళలో ఒకడు నవ్వులాటగా అన్నాడు. తిమ్మప్ప నవ్వలేదు. దారం మార్పించిన ఏడాదే రోగిని పంపిస్తే, చూశారా అని పెద్దవైద్యుడు ధర్మకర్త ముందు తనను వేలెత్తి చూపుతాడని అతని భయం. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. కట్టు మార్చి ఊరుకున్నాడు.

తెల్లవారేసరికి ఎరుపు పిక్క ఎక్కింది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. కాలి మీద ఎవరో కూర్చున్నట్టుందని గంగన్న వణుకుతూ చెబుతున్నాడు. తిమ్మప్ప మాటిమాటికీ దారం వంకే చూశాడు. ఎరుపు ఇంకా దాని కిందనే ఉంది. మధ్యాహ్నానికి కాలు ఎంతగా వాచిందంటే దారం మాంసంలోకి దిగి కనబడకుండా పోయింది. లచ్చుమమ్మ ఇక అతన్ని అడగలేదు, బోయీల వైపు చూసింది. వాళ్ళు గంగన్నను డోలీలో వేసుకుని ఏటివైపు పరుగెత్తారు. తిమ్మప్ప వెనక పరుగెత్తాడు.

పెద్దవైద్యుడు ప్రాణం నిలిపాడు. కాలు నిలపలేకపోయాడు. ఎరుపు చీలమండ దగ్గర ఉన్నప్పుడే ఎందుకు తేలేదని అతను అడిగాడు.

ఓబులేశు గురువు దగ్గరికి జరిగాడు. "అయితే మన దారం ఉన్నచోటే ఉండాలంటారా, అయ్యా?"

"నేనలా అన్నానా? ఆ సత్రంలో ఇప్పటికీ మోకాలి దాకా చూస్తారు. కాకపోతే రెండు దారాలు కడతారు. పైది వైద్యుడి చేతికి. కిందిది దేనికో నువ్వే ఆలోచించుకో."

శిష్యుడు తన చీలమండ మీద, ఎరుపు ఆగాల్సిన చోట, వేలు పెట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత తిమ్మప్ప ఏమయ్యాడని అడిగాడు.

ధర్మకర్త అతన్ని శిక్షించలేదని నంజుండయ్య చెప్పాడు. గంగన్న ఇంట్లో పొయ్యి వెలగాలంటే డోలీ కర్ర కింద అతని చోట ఎవరో ఒకరు భుజం పెట్టాలి. తిమ్మప్ప వెళ్ళి తన భుజం పెట్టాడు, మళ్ళీ తీయలేదు. ఆ కర్ర పట్టీ పట్టీ అతని చేతులు కాయలు కాచాయి.

"ఏళ్ళు గడిచాక ఒకనాడు కుంటుకుంటూ వచ్చి నా ముందు కూర్చున్నాడు. ముల్లు ఎక్కడుందని అడిగాను. మడమంతా తడుముకుని, 'నువ్వే వెతకరా నంజుండా, నా వేళ్ళకు ఏమీ తెలియడం లేదు' అన్నాడు."