పదితలలాయనకు పట్టిన బండి

మా గురువుగారు కంబగిరయ్యగారిని ప్రశ్న అడగాలంటే గుండెధైర్యం ఉండాలి. కోప్పడతారని కాదు. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ముక్తి గురించి అడిగిన ఒక పెద్దమనిషి వారం రోజులపాటు గోశాల కప్పు నేయవలసి వచ్చింది. అందుకే ఆశ్రమంలో పాతవాళ్ళం నోరు మూసుకుని ఉంటాం. సందేహాలన్నీ కొత్తవాళ్ళకే వస్తాయి.

ఆ ఏడు అడిగినవాడు ఓబులపతి. అనంతపురంలో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో ఇరవై ఏళ్ళు పనిచేసి వచ్చాడు. మంచి పనిమంతుడు, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. వచ్చిన ఏడాదిలోనే ఉపవాసం పట్టాడు, ఎండలో నిలబడి జపం పట్టాడు, చివరికి మౌనం పట్టాడు. మౌనం మూడో రోజున చారులో ఉప్పెక్కువైందని, చెప్పదలచింది రాసి చూపించే పలకనే వంటాయన మీదికి విసిరాడు. పాపం, ఆయన నుదురు చిట్లింది.

ఒక ఉదయం ఓబులపతి గురువుగారి ముందు నిలబడి, "స్వామీ, అన్నింటికంటే గొప్ప సాధన ఏదో చెప్పండి, అదే పడతాను. ఈ చిన్నాచితకా నాకు ఆనడం లేదు," అన్నాడు.

గురువుగారు వాకిట్లో కూర్చున్న గోవిందక్కను చూపించారు. "ఆమెకు బండి కావాలంట. ఆ పని నీకు తెలుసు కదా, పోయి చూసిపెట్టు," అన్నారు. నన్నూ తోడు పొమ్మన్నారు. నేనేం అడిగానని!

గోవిందక్కది తోలుబొమ్మలాట మేళం. ఆమె, తమ్ముడు కుళ్ళాయప్ప, ఇంకో నలుగురు. బొమ్మలతో బస్సెక్కనివ్వరు, అద్దె వ్యానుకు ఆట డబ్బంతా పోతుంది, పోయిన ఊళ్ళో తల దాచుకునే చోటుండదు. వండుకుని, పడుకుని, ఊళ్ళు తిరిగే బండి ఒకటి కొందామని ఉన్న రెండెకరాలూ అమ్మి ఎనిమిది లక్షలు తెచ్చింది. పట్నంలో దాన్ని క్యారవాన్ అంటారు, ఆమె ఇంటిబండి అంది. పదిహేను రోజుల్లో జిట్టెకొండ జాతరలో ఆట ఉంది. అది అందుకోకపోతే మేళం ఎత్తేసినట్టే. "ఇంగ ఆడేదేముందిలేప్పా, ఆ తోలు కోసి దీపాలకు తొడుగులు చేసి అమ్ముకుంటాం," అని కుళ్ళాయప్ప అప్పటికే అంటున్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆమె ముఖం చూడలేకపోయాను.

హిందూపురం దారిలో పాత బస్సులనూ వ్యాన్లనూ ఇంటిబండ్లుగా మార్చి అమ్మే చోటుంది. అక్కడికి గోవిందక్క బొంతలో చుట్టిన పెద్ద బొమ్మనొకదాన్ని వెంట తెచ్చింది.

"ఇదెందుకక్కా?" అన్నాడు ఓబులపతి.

"మా పదితలలాయనప్పా. ఆటలో తప్ప ఆయన పేరు ఎత్తం. మా ఇంట్లో ఏం కొన్నా ఈయన కొలతకే కొంటాం. మా నాయన ఇల్లు కట్టినప్పుడు వాకిలి కూడా ఈయన్ని నిలబెట్టే పెట్టినాడు."

ఆరడుగుల బొమ్మ. చేతులూ కాళ్ళూ కీళ్ళ దగ్గర మడుస్తాయి గానీ, నాలుగడుగుల వెడల్పున పది తలలూ ఒకే తోలు. మడిచామా, ఆ గీత తెర మీద కనిపిస్తుంది. తలల వైపు ఓబులపతి, కాళ్ళ వైపు నేను పట్టుకున్నాం.

బస్సంత ఉన్న మొదటి బండి చూడగానే ఓబులపతికి మతి పోయింది. మెత్తటి పరుపులు, ఏసీ, ఫ్రిజ్జు, స్నానాల గది! కుళ్ళాయప్ప నీళ్ళ కొళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పాడు. ధర పదకొండు లక్షలు, తక్కువైన మూడూ వాయిదాల్లో కట్టుకోమన్నాడు అమ్మేవాడు.

"అక్కా, ఇది బండి కాదు, మేడ! కళ్ళు మూసుకుని తీసుకో," అన్నాడు ఓబులపతి.

"మూసుకుంటాలే. ముందు ఈయన్ని పడుకోబెట్టు."

పడుకోబెట్టాం. పరుపు మీద తలలు పట్టలేదు. నడవలో ఫ్రిజ్జు అడ్డం. పరుపుల కింద నీళ్ళ తొట్లు. అమ్మేవాడు విసుక్కుని, "బొమ్మే కదమ్మా, మధ్యకు మడవండి," అన్నాడు.

"నీ తల మడిచి చూపించు నాయనా, చూసి నేర్చుకుంటాం. నీకున్నది ఒకటే కాబట్టి తేలిక," అంది గోవిందక్క.

ఓబులపతికి కోపం నషాళానికి అంటింది. "ఒక్క బొమ్మ కోసం ఇంత బండి వదులుకుంటావా!" అని అందరూ తిరిగి చూసేలా అరిచాడు.

ఆమె గొంతు పెంచలేదు. "ఆరుమందిమి యాడైనా ముడుచుకుని పడుకుంటాం. ఈయన ముడుచుకుంటే ఆట లేదు. ఆట లేకుంటే మాకు బండెందుకప్పా?"

ఓబులపతి వంగి బొమ్మను ఎత్తాడు. తలల వైపు పట్టుకుని, తనే ముందు నడిచాడు. మూడు బండ్లు చూశాం, మూడూ చాలలేదు. ఆఖరికి మూలన, ఎండకు రంగు వెలిసిన పాత వ్యాను ఒకటి కనిపించింది. ఒకప్పుడు ఊరూరా పుస్తకాలు తిప్పిన బండి. లోపల అరలు పీకేశారు, ఉన్నది ఉత్త నేల. ఆ నేల మీద పదితలలాయన కాళ్ళు చాపి హాయిగా పడుకున్నాడు. తలలకు అటు నాలుగు వేళ్ళు, ఇటు నాలుగు వేళ్ళు చోటు మిగిలింది. గోవిందక్క చప్పట్లు కొట్టి నవ్వింది.

ఓబులపతి బండి కిందికి దూరి, ఇంజన్ విని, బేరమాడి ఐదున్నరకు తెగ్గొట్టాడు. "కింద ఆయన, పైన పలకలు వేసి మీరు. వెనక తలుపు దగ్గర పొయ్యి. మిగిలిన డబ్బుతో అంతా నేను కట్టిస్తా," అన్నాడు.

"ఆయన నెత్తిన పడుకోవడమా!" అని కుళ్ళాయప్ప చెంపలు వేసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ మీరు ఆయన్ని మోసినారు గదా, ఇంక ఆయన మిమ్మల్ని మోస్తాడులే," అన్నాడు ఓబులపతి.

పన్నెండు రోజులు రంపం దించలేదు. జాతర నాడు జిట్టెకొండ ఎక్కుతుంటే మూడో మలుపులో ఒక పక్క బండరాయి, ఇంకో పక్క లోయ. వ్యాను జానెడు సందులో దూరి బయటపడింది. ఆ మేడలాంటి బండి అయితే అక్కడే ఇరుక్కునేది. లోపల అందరూ ఈలలు వేశారు, నేనూ వేశాను. సాయంత్రం తెర కట్టారు. దీపాల వెలుగులో ఒక్క గీత లేకుండా పది తలలూ లేచేసరికి, కొండంతా హోరెత్తిపోయింది. కుళ్ళాయప్ప తాళం వేస్తూ ఏడ్చేశాడు. ఆట అయ్యేలోగా మరో నాలుగు ఊళ్ళవాళ్ళు తాంబూలం పట్టుకుని గోవిందక్క కోసం నిలబడ్డారు. దీపాల తొడుగుల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఓబులపతి యుద్ధం గెలిచినవాడిలా ఆశ్రమానికి వచ్చి, గురువుగారికి జరిగిందంతా చెప్పాడు. చెప్పి చెప్పి, చివర్న గుర్తొచ్చి, "స్వామీ, నా ప్రశ్న అట్లాగే ఉండిపోయింది," అన్నాడు.

గుమ్మంలో వంటాయన నిలబడి వింటున్నాడు. నుదుటి మీద పలక దెబ్బ మచ్చ ఇంకా పోలేదు. గురువుగారు ఆ మచ్చ వైపు ఒకసారి చూసి, ఓబులపతి భుజం తట్టారు.

"భేషుగ్గా చేసినావు నాయనా. మరి సాధన పట్టే ముందు, నీలో ఉన్న పదితలలాయన కొలత తీసుకున్నావా?"