వియ్యాలవారి పీత

జయకేతు మహారాజుకి ఒకరోజు సముద్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలనిపించింది.

"రోజూ కోట దిగి అలల దాకా ఎవరు నడుస్తారు? అలల్నే పైకి రమ్మనండి" అన్నాడు.

రాజు తలుచుకుంటే ఆగేదేముంది! ఓడలవాళ్ళు తెచ్చిన గాజు పలకలతో కొలువుకూటం మధ్య పెద్ద తొట్టి కట్టారు. కావిళ్ళతో ఉప్పునీళ్ళు మోశారు. చారల చేపలు, రొయ్యలు, నత్తలు వచ్చాయి. ఆఖరున రాజుగారి వియ్యంకుడు అరచేతికి మించిన పీతనొకదాన్ని కానుక పంపాడు. రాజు మురిసిపోయి దానికి వీరబాహుడని పేరు పెట్టాడు.

వీరబాహుడు వచ్చిన పూటే రెండు చేపల్ని తినేశాడు.

తొట్టి చూసుకునే పని నూకాలమ్మది. రేవులో పుట్టి పెరిగిన మనిషి, డెబ్భై ఏళ్ళుంటాయి. మరుపు వచ్చేస్తోందని ఆవిడకి ఒకటే బెంగ. అందుకని ఏ పని చేసినా చీర కొంగున ఒక ముడి వేసుకునేది. ఆ కొంగు చూస్తే వలలా ఉండేది. అందులో ఒక ముడి మాత్రం మూడేళ్ళ నాటిది. యువరాజు పెళ్ళికి పట్టుచీర ఇస్తానని రాజుగారు ఆవిడతో అన్న మాట అది. ఆయన మరిచిపోయాడు. ముడి మరిచిపోలేదు.

"కడుపు నిండిన పీత పక్కింటి జోలికి పోదు బాబూ" అని నూకాలమ్మ రోజూ కర్ర చివర రొయ్య గుచ్చి వీరబాహుడి నోటికే అందించింది. అది దాక్కోవడానికి అంచు విరిగిన కుండ ఒకటి బోర్లించింది. చేపలకి రాళ్ళ సందులు చూపించింది. తగవు తీరింది.

ఇది చిదంబర పండితుడికి నచ్చలేదు. ఆయన చదవని గ్రంథం లేదు. తొట్టిలో మాత్రం వేలు పెట్టి ఎరగడు.

"మహారాజా, సముద్రాన్ని తీసుకెళ్ళి ఈ ముడుల ముసలమ్మ చేతిలో పెడతారా? రేపు ఊపిరి పీల్చడం కూడా మరిచిపోతుంది" అన్నాడు.

రాజు ఆలోచించాడు. "గురువారం వియ్యంకుడు వస్తున్నాడు. ఈలోగా వీరబాహుడికి ఏమన్నా అయితే నూకాలమ్మ కోట విడిచి వెళ్ళాలి. తొట్టి మీది."

కోట బయట నూకాలమ్మకి ఇల్లూ లేదు, మనుషులూ లేరు.

శనివారం ఉదయం చూస్తే వీరబాహుడు ఇసుక మీద వెల్లకిలా పడి ఉన్నాడు. కాళ్ళున్నాయి, గోళ్ళున్నాయి, కళ్ళు కూడా ఉన్నాయి. కదలిక లేదు.

నూకాలమ్మకి తన మరుపు మీదే అనుమానం వచ్చింది. మేత వేశానా, మరిచానా? గబగబా కొంగు తడిమింది. మేత వేసిన ముడి ఉంది. దాని పక్కనే, పీత మేత ముట్టని మూడు రోజులకి మూడు ముడులున్నాయి. వాటి మీద వేలు ఆగింది. ఒకసారి బోర్లించిన కుండ వంక చూసింది. కొంగు తిరిగి నడుముకి దోపుకుంది.

పండితుడు దాన్ని వెండి పళ్ళెంలోకి తీయించి నాడి పట్టాడు.

"తెల్లవారుజామున పోయింది. ఆకలి చావు. నేను చెప్పలేదూ, మేత వేయడం మరిచిందని? ముందు ఆ రాళ్ళూ కుండలూ ఎత్తించి తొట్టి కడిగించాలి."

కుండ మాట వినగానే నూకాలమ్మ చేతులు జోడించింది.

"కడిగిద్దురుగాని పండితులుగారూ. వియ్యాలవారి పీత కదా, ఇంటి బిడ్డలాంటిది. చావు జరిగిన చోటు. మైల ఉండదా?"

పీతకి మైల గురించి ఏ గ్రంథంలోనూ లేదు. కానీ ఆ మాట సభలో ఒప్పుకోవడం పండితుడి వల్ల కాదు.

"ఉంటుంది. ఎందుకుండదు? అయిదు రోజులు. అది తీరేదాకా నువ్వూ కోట దాటకూడదు."

"మైల ఇంట్లో సామాను కదపొచ్చా?"

"ఇసుక రేణువు కూడా కదపకూడదు. పైనుంచి మేత వేయొచ్చు, అంతే."

"తెలియక ఎవరైనా చెయ్యి పెడితేనో?"

"ఎవరు పెడతారో చూస్తాను. నేనే కాపలా కూర్చుంటా."

అన్నట్టే కూర్చున్నాడు. రాణిగారి పిల్లి వస్తే తరిమాడు. రాణిగారు వస్తే మైల అని పక్కకి తప్పుకోమన్నాడు. పళ్ళెంలో ఉన్నదానికి రెండు పూటలా గంధం పూశాడు.

మూడో రోజు రాజు వచ్చి ముక్కు ఎగబీల్చాడు. "పీత పోయి మూడు రోజులైంది. కంపు కొట్టదేం?"

"నా మంత్రమహిమ మహారాజా."

"మా రేవులో ఇంత మహిమ ఎవరికీ లేదు బాబూ" అంది నూకాలమ్మ దూరం నుంచి దండం పెడుతూ.

గురువారం వియ్యంకుడు వచ్చాడు. వీరబాహుడి అంతిమయాత్రకి బుల్లి పల్లకీ సిద్ధమైంది. డప్పులు మోగాయి. పండితుడు పళ్ళెం ముందు నిలబడి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

"వీరబాహూ, నిన్ను మళ్ళీ చూసే భాగ్యం మాకెక్కడిది?"

తొట్టిలో కుండ ఊగింది. పక్కకి ఒరిగింది. కింద నుంచి వీరబాహుడు వచ్చాడు. మునుపటికన్నా పెద్దవాడు, తళతళలాడుతున్నాడు. గాజు దాకా నడిచొచ్చి, పండితుడి ఎదురుగా ఆగి, గోరెత్తాడు.

డప్పులు ఆగిపోయాయి. వియ్యంకుడు పళ్ళెం చూశాడు, తొట్టి చూశాడు.

"బావగారూ, నేను పంపింది ఒక్క పీతనే."

"నూకాలమ్మా, మరి పళ్ళెంలో ఉన్నదెవరు?" అన్నాడు రాజు.

"ఎవరూ లేరు బాబూ. పీత ఎదిగితే బిగుతైన పాత డిప్ప కాళ్ళతో సహా విడిచేసి కొత్తది తెచ్చుకుంటుంది. పండితులుగారు అయిదు రోజులు గంధం పూసింది దాని పాత చొక్కాకి."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే కుండ ఎత్తి చూసేవారు. డిప్ప విడిచిన పీత వెన్నముద్ద బాబూ, చేప పొడిచినా చస్తుంది. గట్టిపడేదాకా ఎవరూ ముట్టకుండా మంచి కాపలా కావాలి. ఇంతకన్నా నమ్మకమైన మనిషి నాకెక్కడ దొరుకుతారు?"

రాజుకి నవ్వాగలేదు. కిరీటం జారి ఒళ్ళో పడింది. "పండితులవారూ, మరి ఆ నాడి?"

పండితుడు పళ్ళెం కేసి చూసి, గొంతు సవరించుకున్నాడు. "చొక్కా నాడి మహారాజా. ఆగిపోయే ఉంది."

కొలువంతా విరగబడి నవ్వింది. డప్పులవాళ్ళు పెళ్ళిమోత అందుకున్నారు.

"ఈ తొట్టి నువ్వున్నంత కాలం నీదే" అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకేం కావాలో అడుగు."

నూకాలమ్మ కొంగు ముందుకి తీసి, రంగు వెలిసిన ఒక ముడి చూపించింది.

"పీతకి కొత్త బట్టలొచ్చాయి. యువరాజుగారి పెళ్ళికి తమరు ఇస్తానన్న పట్టుచీర మూడేళ్ళుగా ఇందులోనే ఉంది. విప్పమంటారా, పక్కన ఇంకోటి వేయమంటారా?"

రాజు లేచొచ్చి ఆ ముడి తన చేత్తోనే విప్పాడు. రాణిగారి పెట్టెలోంచి చీర తెమ్మని కబురు పంపాడు. అది వచ్చేలోగా ఎందుకైనా మంచిదని, తన ఉత్తరీయం చివర ఒక ముడి వేసుకున్నాడు.