హంతకుడి రంగు

పరాంకుశంగారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. పాత డిటెక్టివ్ సినిమాలెన్నిటికో మేకప్ చేసిన మనిషి. ఇప్పుడు చేతులు వణుకుతున్నా శిష్యులు ఆయన్ని వదలరు. ఎవరేమడిగినా "రంగు కలుపు" అంటారు, అంతే. అడిగినవాళ్ళు ఆ పూటకి విసుక్కుంటూనే కలుపుతారు.

ఎస్తేరు ఆయన దగ్గర చేరిన ఒకే ఒక్క ఆడపిల్ల. ఆ ఉదయం ఆమెకి తొలిసారి సొంతంగా పని దొరికింది. పాత పద్ధతిలో తీస్తున్న ఒక డిటెక్టివ్ సినిమాలో హంతకుడి ముఖం ఆమె చేతికిచ్చారు. డైరెక్టరుకి నచ్చితే సినిమా అంతటికీ ఆమే, నచ్చకపోతే మళ్ళీ పౌడరు పఫ్‌లు ఉతుక్కోవడమే. ఆ వేషం వేసే నటుడు, పచ్చటి ఛాయ మనిషి, కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"గురువుగారూ, చిన్నప్పుడు మీ సినిమాల్లో హంతకుడు తెరమీదకి రాగానే పోల్చేసేదాన్ని. డిటెక్టివ్ కంటే ముందు నేనే! హాల్లో బెంచీ ఎక్కి మరీ అరిచేదాన్ని. అంత తేలిగ్గా ఎలా తెలిసిపోయేదండీ?" అని అడిగింది ఎస్తేరు.

"రంగు కలుపు," అన్నారాయన.

పాళ్ళు ఆయన చెప్పారు, ఆమె గిన్నెలో కలిపింది. గోధుమ రంగులో మట్టి రంగు, దాంట్లో పిసరంత నలుపు. నటుడి ముఖం ముట్టుకునేముందు రంగుని తమ చేతిమీద రాసి చూసుకోవడం మేకప్‌వాళ్ళ ఆచారం. ఎస్తేరు కూడా వేలితో ఒక చుక్క తీసి ఎడమ చేతిమీద పామింది. చుక్క కనపడలేదు. తక్కువ తీశానేమో అనుకుని ఇంకాస్త పామి, అద్దం చుట్టూ ఉన్న బల్బుల కిందికి చెయ్యి చాపింది. చెయ్యి ఎప్పటిలా తన చెయ్యిలాగే ఉంది.

ఎస్తేరుకి చిన్నప్పటి హాస్టలు గుర్తుకొచ్చింది. అక్కడ వార్డెనుగారి గొలుసు పోయినప్పుడు, అంతమంది పిల్లలుండగా అందరూ తిన్నగా తన పెట్టె దగ్గరికే ఎందుకొచ్చారో ఇన్నేళ్ళూ ఆమెకి అర్థం కాలేదు. ఆ గొలుసు స్నానాలగదిలోనే దొరికింది. వాళ్ళూ సినిమాలు చూసినవాళ్ళే కదా! మరి బెంచీ ఎక్కి తను అరిచింది ఎవర్ని చూసి? కుళాయి దగ్గరికి పరిగెత్తి, సబ్బు పెట్టి తోమడం మొదలుపెట్టింది. ఎంత తోమినా పోయిందో లేదో తెలియడం లేదు.

పరాంకుశంగారు వెనకే వచ్చి కుళాయి కట్టేశారు. "చాలమ్మా. గిన్నెలోది ఎంతవరకు, నీది ఎక్కణ్ణించి?"

ఎస్తేరు చెయ్యి తుడుచుకుంది. కలిపిన రంగంతా గిన్నెతో సహా చెత్తబుట్టలో పడేసింది. పఫ్‌లు ఉతుక్కోవాల్సి వచ్చినా సరే అనుకుని, నటుడి ముఖానికి అతని ఛాయే పలచగా అద్ది, తల దువ్వింది. ఇంతలో అసిస్టెంటు డైరెక్టరు తలుపు తోసుకువచ్చి నోరు వెళ్ళబెట్టాడు.

"ఏంటమ్మా ఇది? పెళ్ళికొడుకులా ఉన్నాడు! ఇతనే హంతకుడని జనం ఎలా పోల్చుకుంటారు?"

పరాంకుశంగారు తాపీగా మేకప్ పెట్టె మూశారు.

"డిటెక్టివ్‌ని పెట్టుకున్నారుగా నాయనా," అన్నారు. "వెతకనివ్వండి."