పేరమ్మ అడిగిన గుప్పెడు ఉప్పు

గోదావరి పాయల నడుమ ఒక లంక ఊరిలో, ఊరందరి జాడీలకూ ఉప్పు సరిచూసి చెబుతూ, తనకెవరైనా ఒక మాట చెబితే మాత్రం చెవిన పెట్టని పేరమ్మ అనే పెద్దావిడ ఉండేది.

ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉండేది. ఎండాకాలంలో ఆవకాయ కలిపిన మూడో రోజున, జాడీ మూత తీసి తిరగకలిపే ముందు ప్రతి ఇంటివాళ్ళూ పేరమ్మకు కబురు పెట్టేవాళ్ళు. ఆవిడ వెళ్ళి పీట మీద కూర్చునేది. వేడన్నంలో ఇంత ఆవకాయ కలుపుకుని ఒక ముద్ద నోట పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ ఇంటి ఇల్లాలు ఊపిరి బిగపట్టుకుని నిలబడేది. కాసేపటికి పేరమ్మ కళ్ళు తెరిచి, "ఇంకో గుప్పెడు వెయ్యవే," అనేది. అంతే, ఇంకో గుప్పెడు ఉప్పు పడాల్సిందే. ఆవిడ చెయ్యి పెట్టిన జాడీకి ఏనాడూ బూజు పట్టలేదు, కాబట్టి ఆవిడ మాటకు తిరుగులేదు. ఆ మూడో రోజు పిలుపులంటే పేరమ్మకు ప్రాణం. భర్త పోయాడు. పొలం కొడుకు వీర్రాజు చూసుకుంటున్నాడు, వంటిల్లు కోడలు హైమ చేతికి వెళ్ళింది. ఊళ్ళో తనకంటూ మిగిలిన పెద్దరికం అదొక్కటే.

హైమ మెట్ట ప్రాంతపు పిల్ల. నెమ్మదస్తురాలు, వంటలో ఉప్పు తగుమాత్రంగా వేసేది. పేరమ్మ కంచం ముందు కూర్చోగానే ఉప్పు గిన్నె దగ్గరికి జరుపుకునేది. పప్పులో చల్లుకునేది, కూరలో చల్లుకునేది, చివరికి మజ్జిగన్నంలోనూ చల్లుకుని, పక్కన ఆవకాయ బద్ద, ఊరమిరపకాయ పెట్టుకునేది. మీ పుట్టింటి వైపు ఉప్పు దొరకదా అమ్మాయీ అని కోడలిని ఆటపట్టించేది. హైమ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు వెనుక కాస్త నొప్పి ఉండేది గానీ, పేరమ్మకు అది కనబడేది కాదు.

ఒక మాఘమాసంలో పేరమ్మ కాళ్ళకు నీరు పట్టడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేవి. పొద్దు వాలేసరికి పాదాలు బూరెల్లా పొంగేవి. చెప్పు పట్టీ దిగబడి గుర్తు పడేది. వేలితో నొక్కితే అక్కడ గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. పేరమ్మ ఎవరికీ చెప్పలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి దింపి కట్టుకుంది. తనలో తాను బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి కూడా వచ్చింది. తాగిన నీళ్ళే కదా కాళ్ళలోకి దిగుతున్నాయి, అసలు నీళ్ళే తాగకపోతే సరి. అలా మంచినీళ్ళ చెంబు ముట్టడం మానేసింది. నోరెండుతోంటే ఊరమిరపకాయ చప్పరించేది. రోగం ఒకటైతే మందు ఇంకొకటంటే ఇదే.

వాపు తగ్గలేదు సరికదా, పిక్కల దాకా ఎక్కింది. ఒకరోజు గుమ్మం దాటబోతూ తూలి గోడ పట్టుకుంటే హైమ చూసింది. కుచ్చిళ్ళు పైకి తీసి చూసి, వెంటనే వెళ్ళి వీర్రాజును పిలిచింది. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆవిడను పడవ దాటించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ గుండె చూసింది, రక్తం, మూత్రం పరీక్ష చేయించింది. గుండెకూ మూత్రపిండాలకూ ఏ లోటూ లేదని తేలాక, మీరు రోజూ ఏం తింటారు, ఎలా కూర్చుంటారు అని అడిగింది. పేరమ్మ చెప్పడం మొదలుపెట్టి, నీళ్ళు మానేసి ఊరమిరపకాయ చప్పరించడం దగ్గరికి వచ్చేసరికి డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే అది నీటిని పట్టి ఉంచుతుందనీ, నీళ్ళు మానేస్తే ఒళ్ళు తనలో ఉన్న నీటినే ఇంకా గట్టిగా దాచుకుంటుందనీ చెప్పింది. నీళ్ళు మామూలుగా తాగాలి, ఉప్పు బాగా తగ్గించాలి. పొద్దస్తమానం కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకూడదు, ఉదయం సాయంత్రం నడవాలి, పడుకున్నప్పుడు కాళ్ళ కింద ఎత్తు పెట్టుకోవాలి. ఆయాసం వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టినా వెంటనే రమ్మంది. వాపు ఎందుకొచ్చిందో తెలియకుండా, కాళ్ళకు నీరొచ్చిన వాళ్ళెవరూ ఇంట్లోనే వైద్యం చేసుకోకూడదని హైమకు మరీ మరీ చెప్పింది.

తిరుగు పడవలో పేరమ్మకు ఒకటే దిగులు. ఊరికి ఉప్పు చెప్పే మనిషిని చప్పిడి తినమంటారా. ఆ మాట ఊళ్ళో తెలిస్తే ఇంకెవరు పిలుస్తారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి అన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

మర్నాటి నుంచి హైమ నడుం కట్టింది. డాక్టరమ్మ సరేనన్నవే చేసింది. సొరకాయ, బూడిదగుమ్మడి, అరటిదూట వండేది. పెరట్లో తనంతట తాను మొలిచే గలిజేరు ఆకు కోసి పప్పులో వేసేది. బార్లీ జావ కాచి నిమ్మకాయ పిండేది, ధనియాలు మరిగించిన నీళ్ళు గ్లాసుతో పక్కనే పెట్టేది. ఉప్పు లేని లోటు తెలియకుండా జీలకర్ర, మిరియం, కొత్తిమీర, పులుపు దట్టించేది. సాయంత్రం పాదాల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళ వైపు మెల్లగా కాళ్ళు పట్టేది. కాళ్ళ కింద బాలీసు పెట్టబోతే మాత్రం పేరమ్మ ససేమిరా అంది. ఎదురుగా గోడకు దేవుడి పటాలు ఉన్నాయి, వాటి వైపు కాళ్ళెత్తి పడుకోవడానికి నేనేమైనా మతిలేనిదాన్నా అంది. హైమ వాదించలేదు. బక్కపలచని పిల్ల, బరువైన పట్టెమంచాన్ని ఒక్కతే అటు లాగి ఇటు లాగి, పటాలు తలవైపు వచ్చేలా తిప్పి వేసింది.

ఇంత చేసినా వాపు తగ్గీ తగ్గనట్టే ఉంది. కారణం పేరమ్మకు తెలుసు. ఆవిడ పాత బట్టల పెట్టెలో, చీరల అడుగున, చిన్న సీసా నిండా నిరుటి ఆవకాయ దాచుకుంది. కంచంలోకి పెరుగన్నం వచ్చేసరికి, గదిలో తింటానే అమ్మాయీ, ఇక్కడ ఉక్కగా ఉంది అనేది. చలికాలం వెళ్ళకముందే ఆ ఇంట్లో అంత ఉక్క ఎందుకు పోస్తోందో హైమకు అర్థమయ్యేది కాదు.

మామిడి చెట్లు పిందె వేశాయి, కాయలు టెంక కట్టి ముదురుతున్నాయి. ఆవకాయ రోజులు దగ్గరపడేకొద్దీ పేరమ్మకు గుబులు పట్టుకుంది. ఒక ఉదయం, నడవగలనో లేదో చూద్దామని చెప్పుల్లో కాళ్ళు దూర్చబోయింది. దూరలేదు. పాదం సగం లోపల, సగం బయట. ఇలాగైతే ఈ ఏడు ఎవరింటికీ వెళ్ళడం కుదరదు. మూడో రోజు పిలుపు వచ్చినా గుమ్మంలోనే కూర్చుని వెనక్కి పంపాలి. పేరమ్మ గుమ్మం పక్కన అరుగు మీదే చతికిలబడింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కోడలి చప్పిడి వంట మీదికి మళ్ళించింది. ఈ పథ్యం వల్ల ఒరిగిందేమీ లేదు, ఇవాళ్టితో సరి, మీరంతా కమ్మగా తింటూ నాకు గడ్డి పెడుతున్నారు అని చెప్పేద్దామని లేచి, గోడ పట్టుకుంటూ వంటింటి వైపు నడిచింది.

అప్పటికి వీర్రాజు తిని పొలానికి వెళ్ళిపోయాడు. హైమ ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది. ఉప్పు వేసిన కూర గిన్నె వీర్రాజు పీట దగ్గరే ఉంది. హైమ కంచంలో మాత్రం అత్తగారికి వండిన చప్పిడి సొరకాయ, గలిజేరు పప్పు. పక్కన ఉప్పు గిన్నె లేదు, ఆవకాయ బద్ద లేదు. ముద్ద నోట పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నమిలి మింగుతోంది.

పేరమ్మ అనబోయిన మాట మరిచి, గుమ్మం పట్టుకుని ఆ కంచం వైపు చూసింది.

"అదేంటే హైమా, నీకేం వాపులొచ్చాయని ఆ తిండి?" అంది.

హైమ తడబడి లేవబోయింది. "ఏం లేదత్తయ్యా. మీరొక్కరే చప్పిడి తింటుంటే నాకు ముద్ద దిగలేదు. పైగా నేను తిని చూడకపోతే, దాంట్లో ఏం కలిపితే మీకు నోటికి బాగుంటుందో నాకెలా తెలుస్తుంది?"

"ఎప్పట్నుంచి?"

"ఆసుపత్రి నుంచి వచ్చిన కాణ్ణించీ."

పేరమ్మ వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది. బట్టల పెట్టె మూత చప్పుడైంది. తిరిగి వచ్చి, నూనె మరకల సీసాను కోడలి కంచం పక్కన పెట్టి, పక్కనే నేల మీద కూర్చుంది. సీసాలో అడుగున రెండు బద్దలే మిగిలి ఉన్నాయి. హైమ సీసా వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది. అంతా అర్థమైంది. అయినా ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే పేరమ్మ గుండెను పిండేసింది. తిట్టినా బాగుండును అనుకుంది.

"నువ్వు నా కోసం నోరు కట్టుకున్నావు. నేను నీ కళ్ళు కప్పి తిన్నాను," అంది పేరమ్మ. "ఆ ముద్ద ఇలా పెట్టు తల్లీ."

హైమ తన కంచంలోంచే ఒక ముద్ద కలిపి పెట్టింది. హైమ పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక అత్తాకోడళ్ళు ఒకే కంచంలో తినడం అదే మొదలు.

ఆ రోజు నుంచి పేరమ్మ పథ్యం నిజంగా చేసింది. దాహమైనప్పుడల్లా నీళ్ళు తాగింది. పొద్దున్నే హైమ చెయ్యి పట్టుకుని గట్టు వెంట నడిచింది. మొదట్లో ఇంటి మలుపు దాకానే, తర్వాత రేవు దాకా. మధ్యాహ్నం కాళ్ళు బాలీసు మీద పెట్టుకుని పడుకుని, పటాల్లోని దేవుళ్ళు తలవైపున ఉన్నారు కదా అని ధైర్యంగా నిద్రపోయింది. మొదటి వారం తిండి మట్టిలా ఉంది. మెల్లమెల్లగా ఒక వింత జరిగింది. సొరకాయలో తీపి తెలిసింది. గలిజేరు ఆకులో ఒక చిరువగరు ఉందని తెలిసింది. ఇన్నేళ్ళూ ఇవన్నీ ఎక్కడున్నాయే అని కోడలిని అడిగింది. ఆవకాయ రోజులు వచ్చేసరికి పాదాలు తేలికపడ్డాయి. చెప్పులు సుళువుగా దూరాయి. పేరమ్మ ఆ చెప్పులు వేసుకుని పెరడంతా ఊరికే రెండుసార్లు తిరిగింది.

మొదటి పిలుపు పొరుగింటి వరాలమ్మ నుంచి వచ్చింది. పేరమ్మ హైమను వెంటబెట్టుకుని వెళ్ళింది. పీట మీద కూర్చుంది. డాక్టరమ్మ మాట గుర్తుంచుకుని, గోరంత గుజ్జు మాత్రం అన్నంలో కలుపుకుని నోట పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మరుక్షణంలో మొహమంతా ముడుచుకుపోయింది.

"ఎంత ఉప్పు పోశావే వరాలూ?"

"కిందటేడు మీరు చెప్పిన లెక్కేనండీ పిన్నీ. మూడూ సమపాళ్ళు, మీద ఇంకో గుప్పెడు. ఎలాగూ వేయిస్తారు కదా అని ముందే వేసేశాను."

పేరమ్మ ఆలోచనలో పడింది. తన నాలుక ఇప్పుడు చప్పిడికి అలవాటుపడింది కాబట్టి దాన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు. కానీ తన తల్లి నేర్పిన కొలత గుర్తుంది. ఆవపిండి, కారం, ఉప్పు సమపాళ్ళు, అంతే. ఆ మీది గుప్పెడు తల్లి ఎన్నడూ వేయలేదు. అది ఎప్పుడు వచ్చింది, ఎక్కణ్ణుంచి వచ్చింది?

"నిజం చెప్పు," అంది. "నిరుటి ఆవకాయ ఎలా ఉంది?"

వరాలమ్మ హైమ వైపు చూసింది, దూలం వైపు చూసింది, చివరికి పమిట కొస నలుపుతూ చెప్పింది. వాళ్ళాయన బద్దలను మజ్జిగలో కడుక్కుని తింటాడట. ఎదురింటి వాళ్ళు ఒక బద్దను ముగ్గురు పంచుకుంటారట. ఊరంతా సంగతి తెలుసట, చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదట. "మీరంత ఇష్టంగా వచ్చి చెబుతారు కదా పిన్నీ. మీ మనసు కష్టపెట్టడం ఎందుకని," అంది.

పేరమ్మ తల దించుకుంది. తన నాలుక ఏటికేడు మొద్దుబారుతూ ఇంకో గుప్పెడు అడిగింది. తను ఆ గుప్పెడునే ఊరి జాడీలన్నిటిలో వేయించింది. తన కాళ్ళు వాచాయి సరే, ఊళ్ళో ఇంకెందరి కాళ్ళు వాచాయో. సిగ్గు వేసింది, ఆ వెనకాలే ఎందుకో నవ్వు కూడా వచ్చింది. మజ్జిగలో బద్దలు కడుక్కునే పెద్దమనిషి కళ్ళ ముందు మెదిలాడు. ఆవిడ నవ్వితే గానీ వరాలమ్మకు నవ్వే ధైర్యం రాలేదు.

ఆ జాడీలో ఇంకొన్ని కాయలు కొట్టించి, తగినంత ఆవపిండి, కారం, నూనె కలిపించి పేరమ్మ సరిచేయించింది. ఆ ఏడు ప్రతి ఇంటికీ వెళ్ళింది. నిలవకు కావలసినంత ఉప్పు వేయండి, నాలుక అడిగినంత కాదు, కంచంలో బద్ద చిన్నది వేసుకోండి అని చెప్పింది. ఎక్కడైనా వాపు మాట వస్తే, ముందు ఆసుపత్రికి వెళ్ళండి అనేది. అందరికీ చెప్పాక, వెంట వచ్చిన హైమను ముందుకు లాగి, ఈ పిల్ల పుట్టింటి వైపు ఉప్పు సరిగ్గానే దొరుకుతుంది, లెక్క తప్పింది నా నోటికే అనేది. హైమ ఈసారి నవ్వితే, ఆ నవ్వు వెనుక ఏ నొప్పీ లేదు.

అలవాటైన నాలుక ఎప్పుడూ ఇంకో గుప్పెడు అడుగుతూనే ఉంటుంది. ఒంటికి మేలైన మాట మొదట చప్పగానే ఉంటుంది, అయినా మన కోసం తానూ చప్పిడి తిన్న మనిషి చెప్పినప్పుడు ఆ మాట వినాలి.